మడత దాటిన గీతలు

మడత కాగితం బొమ్మల ఆటకు ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిల్, ముగ్గురు పిల్లలు ఉంటే చాలు. కాగితాన్ని నిలువుగా పెట్టి, అడ్డంగా మూడు అరలు వచ్చేలా మడుస్తారు. మొదటివారు పై అరలో తల గీస్తారు. మెడ గీతలు రెండింటిని మాత్రం మడత కిందికి గోరు మందాన లాగి వదిలేస్తారు. తల కనబడకుండా కాగితాన్ని వెనక్కి మడిచి పక్కవారికి అందిస్తారు. రెండోవారికి కనిపించేది ఆ రెండు గీతల కొసలే. వాటిని పట్టుకుని మొండెం గీసి, నడుము గీతలు మళ్లీ మడత దాటించి మూడోవారికి ఇస్తారు. కాళ్లు పూర్తయ్యాక కాగితం విప్పుతారు. స్కెచ్ పెన్నులు వాడితే రంగు వెనక్కి దిగి గుట్టు బయటపడుతుంది కాబట్టి పెన్సిలో క్రేయాన్లో మేలు. మరీ చిన్నపిల్లలు తమ బొమ్మను తామే విప్పి అందరికీ చూపించేస్తారు. తనకు తెలిసింది ఎదుటివారికి తెలియకుండా ఉండగలదన్న సంగతి పిల్లలకు సుమారు నాలుగేళ్ల వయసులో పట్టుబడుతుంది. ఈ ఆట పూర్తిగా దానిమీదే నిలబడి ఉంది.

ఇలాంటి ఆటలు ఇంగ్లండు ఇళ్లలో పాతవే. వీటికి కళాచరిత్రలో చోటు దక్కింది మాత్రం 1925లో, పారిస్‌లో. షాటో వీధిలోని 54వ నంబరు ఇంట్లో చేరిన సర్రియలిస్టులు ఆంద్రే బ్రెతాఁ, జాక్ ప్రేవేర్, ఈవ్ టాంగీ తదితరులు మొదట మాటలతోనూ తరువాత బొమ్మలతోనూ ఈ ఆట ఆడారు. మాటల ఆటలో పుట్టిన తొలి వాక్యంలోని మొదటి పదాలే దానికి పేరయ్యాయి: కదావ్ర్ ఎక్స్‌కీ, అంటే సొగసైన శవం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1926-27 నాటి ఇలాంటి బొమ్మ ఒకటి ఉంది. దానికి టాంగీ, జోన్ మిరో, మాక్స్ మోరీజ్, మాన్ రే నలుగురి పేర్లూ ఉన్నాయి. సర్రియలిస్టులకు ఈ ఆట తర్కబుద్ధి కళ్లుగప్పే ఉపాయం. పిల్లలకు అలాంటి ఉపాయంతో పని లేదు. వాళ్ల చేతిలో ఇది మరో ప్రశ్నను, భారతీయ తత్వశాస్త్రంలో చాలాకాలం నలిగిన ప్రశ్నను, ముందుకు తెస్తుంది. విప్పిన కాగితం మీద కనిపించేది ఒక బొమ్మా, మూడు బొమ్మలా? అది ఒకటే అయితే, దాన్ని ఎవరు గీసినట్టు?

మూడే అనేవారికి ఆసరా మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథం. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవన రాజు మినాండర్‌ను ఆ గ్రంథం మిలిందుడంటుంది. అతను ఎక్కివచ్చిన రథాన్నే చూపించి నాగసేన భిక్షువు అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగలు రథమా? ఏదీ కాదని రాజు ఒప్పుకోవలసి వస్తుంది. ఇవన్నీ చేరినచోట వాడుకకు పెట్టుకున్న పేరే రథం. మనిషి విషయమూ అంతేనని భిక్షువు తేలుస్తాడు. ఈ లెక్కన కాగితం మీద ఉన్నవి ఒక తల, ఒక మొండెం, రెండు కాళ్లు. మిగతాది పిల్లలు పెట్టే పేరు.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. దారాలు చేరితే గుడ్డ అనే కొత్త ద్రవ్యం పుడుతుందని, అది దారాలకంటే వేరని వాళ్ల వాదం. దారాలు అవయవాలు, గుడ్డ అవయవి. అయితే ఎర్రదారం, పసుపుదారం, నల్లదారం కలిపి నేసిన గుడ్డది ఏ రంగు? ఒక్క వస్తువుకు ఒక్క రూపమే (వాళ్ల పరిభాషలో రూపం అంటే రంగు), అదీ వస్తువంతటా వ్యాపించి ఉండాలి. రూపమే లేదంటే గుడ్డ కంటికి కనబడకూడదు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఏడు రూపాలు చెబుతూ ఏడోదిగా ‘చిత్రం’ అన్నది చేర్చింది ఇందుకే. ఎరుపు, పసుపు, నలుపు పక్కపక్కన ఉండటం వేరు, చిత్రరూపం వేరు. అది ఆ గుడ్డంతటిదీ అయిన ఒకే రంగు. నవ్యనైయాయికుల్లో కొందరు దీన్ని కాదన్నా, ఆలోచన గట్టిది. ఈ గ్రంథాన్ని బాలురకు సులభంగా బోధపడటానికే రాస్తున్నానని అన్నంభట్టు మొదట్లోనే చెప్పుకున్నాడు. బాలుడంటే పాలుతాగే పసివాడు కాదు, గ్రహించి గుర్తుపెట్టుకోగలవాడు అని వ్యాఖ్యాతలు వివరించారు. ఈ ఆటకు కూడా ఆ వయసువాళ్లే సరైనవాళ్లు.

న్యాయదర్శనాన్ని నిక్కచ్చిగా పట్టుకుంటే ఇక్కడ అవయవి అనదగింది కాగితమే. బొమ్మ దానిమీది గీతల అమరిక మాత్రమే. అందుచేత గుడ్డ వాదాన్ని బొమ్మకు నేరుగా అంటగట్టకూడదు. బొమ్మలో కొత్తది ఏదైనా పుట్టిందా అన్నది బొమ్మలోనే వెతకాలి, అందులోనూ మడత దగ్గర.

ఉదాహరణకు మొదటి పాప ఏనుగు తల గీసిందనుకుందాం. తొండం పొడవై మడత దాటింది. మెడవి రెండు గీతలు, తొండానివి రెండు గీతలు, మొత్తం నాలుగు కొసలు కిందికి దిగాయి. రెండో పిల్లవాడికి పైన ఏనుగుందని తెలియదు. రెండు కొసల మీద లారీ క్యాబిన్ లాంటి ఒంటిని గీశాడు. పక్కనున్న మరో రెండు కొసలు ఏమిటో తోచక కాసేపు ఆగి, వాటిని తాడు చేసి చివర బకెట్ వేలాడదీశాడు. మూడో పాప అడుగున బాతుకాళ్లు గీసింది. కాగితం విప్పితే తొండంతో నీళ్లు తోడుతున్న జంతువొకటి బయటికొచ్చింది. పైన తొండం, కింద తాడు, మధ్యలో తెగని గీత. మొదటి పాప తాడు గీయలేదు, రెండోవాడు తొండం గీయలేదు. నీళ్లు తోడే తొండాన్ని ఎవరూ గీయలేదు. అయినా అది కాగితం మీద ఉంది, ముగ్గురూ దానికేసే వేలు చూపించి నవ్వుతారు. అది చూపు కలిపిన కూర్పే తప్ప కొత్త పదార్థం కాదని నాగసేనుడి పక్షం అనవచ్చు. కానీ ఆ కూర్పు విడి భాగాల్లో దేన్ని ఎంత వెతికినా దొరకదు. ఈ ఒక్కచోట అన్నంభట్టు వైపే మొగ్గు.

ఇక కర్త ఎవరన్న ప్రశ్న. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, దైవం. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడనివాడని కూడా అంటుంది. ఐదో కారణం దగ్గర ఆచార్యులు విడిపోయారు. ఇంద్రియాలకు తోడ్పడే సూర్యాది దేవతలని శంకరులు, అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులు వివరించారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: చేసేవాడి ప్రయత్నానికి బయటినుంచి, అతని లెక్కకు అందకుండా, పనిలో చేరేది ఒకటుంది. ఆ పిల్లవాడికి మడత కింద దిగిన రెండు అదనపు కొసలు అలా చేరినవే. వాటిని అతను కోరలేదు, అలాగని చెరిపేయనూ లేదు. పక్కవారి గీతను దైవంతో సమానం చేయడం భగవద్గీత ఉద్దేశం కాదు. పనిలో తనది కాని భాగం ఉంటుందన్న మాట అక్కడ సిద్ధాంతం, ఇక్కడ కంటికి కనబడే విషయం.

వేర్వేరు అంగాలు చేరి ఒకే మూర్తి అయిన రూపాలు ఈ నేలకు కొత్త కావు. నరసింహుడు, వినాయకుడు అందరికీ తెలిసినవారే. ఒకటా, అనేకమా అన్న ప్రశ్నకు మరీ దగ్గరగా వచ్చేది ఒడిశాలోని నవగుంజర. 15వ శతాబ్దంలో సారళాదాసు రాసిన ఒడియా మహాభారతంలో కృష్ణుడు ఈ రూపంలో అర్జునుడి ఎదుట పడతాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్లు ఏనుగువి, పులివి, లేడివి ఒక్కోటి. నాలుగో కాలు ఉండవలసినచోట పైకెత్తిన మనిషి చేయి. అర్జునుడు విల్లెత్తి, ఆ చేతిని చూసి ఆగి, తెలుసుకుని మొక్కుతాడు. పటచిత్రాల్లోనూ గంజపా ఆట ముక్కల్లోనూ ఈ ఘట్టాన్ని ఇప్పటికీ వేస్తున్నారు. తొమ్మిది అంగాలను లెక్కపెడుతున్నంతసేపూ అది వేటాడదగ్గ వింత జంతువు. ఒకటిగా కనిపించిన క్షణాన ఎత్తిన విల్లు దిగిపోయింది.

అన్ని మడత బొమ్మలూ ఇలా ఒకటైపోవు. రెండోవారు పైనుంచి దిగిన కొసలను పట్టించుకోకుండా తమకు నచ్చిన ఇల్లో కారో అర మధ్యలో విడిగా గీస్తే, విప్పినప్పుడు ఒక తల, ఒక కారు, ఒక జత కాళ్లు ఎవరిమానాన అవి ఉంటాయి. అక్కడ నాగసేనుడు చెప్పిందే నిజం. అలాంటి కాగితం చుట్టూ ఎవరిది ఏదన్న వాదులాట మొదలవుతుంది. తొండంతో నీళ్లు తోడే జంతువు దగ్గరైతే ఆ వాదులాట కంటే ముందు దానికి పేరు వెతకడం మొదలవుతుంది.