మూత కింద పని

ఒక పని సరిగ్గా జరిగిందో లేదో చేసినవాడికి తప్ప మరెవరికీ తెలియనప్పుడు ఆ పనిని ఎవరి చేతిలో పెట్టాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. గోడ లోపలి ఇటుకల విషయంలో, పాలలో కలిసిన నీళ్ళ విషయంలో, మందు సీసాలోని మందు విషయంలో మనం రోజూ ఎదుర్కొంటున్నదే. నాకు మాత్రం ఇది ఒక రబ్బరు బెల్టు రూపంలో వచ్చింది. కారు ఇంజనులోని టైమింగ్ బెల్టును షెడ్డుకు పంపకుండా ఇంటి దగ్గరే మార్చుకోవచ్చునా అన్నది పైకి ఖర్చుకూ ఓపికకూ సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. కాస్త లోపలికి వెళితే అది నమ్మకానికి సంబంధించిన విషయమని తెలుస్తుంది.

ఆ బెల్టు సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇంజను అడుగున పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు ఒకటి ఉంటుంది. దాన్ని క్రాంక్ షాఫ్టు అంటారు. పైన ఇంకో ఇరుసు, కామ్ షాఫ్టు, వాల్వులను తెరిచి మూసే పని చేస్తుంది. కిందిది రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెంటినీ కట్టి ఉంచేదే పళ్ళున్న ఈ బెల్టు. కింది ఇరుసు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బెల్టు ఒక్క పన్ను జారితే ఇంజను సరిగ్గా నడవదు. పూర్తిగా తెగితే నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వులు పైకి వస్తున్న పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అప్పుడు బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు మరమ్మతుకే పోతుంది.

ఇలాంటి పళ్ళ బెల్టు మొదట 1940లలో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం పుట్టింది. సూదీ, కింద తిరిగే బాబినూ ఒకదానికొకటి తప్పకుండా కలుసుకోవాలి గదా! పెద్ద ఎత్తున తయారైన కార్లలో దాన్ని తొలిసారి వాడింది జర్మనీ వాళ్ళ గ్లాస్ 1004, 1962లో. మన రోడ్ల మీద చాలాకాలం తిరిగిన పాతకాలపు అంబాసిడర్‌లో ఈ బెల్టు లేదు, ఇనుప గొలుసు ఉండేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ఈ రబ్బరు బెల్టు మనవాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చింది.

గొలుసుకూ బెల్టుకూ మధ్య ఉన్న తేడాలోనే నేను చెప్పదలచుకున్నది కొంత ఉంది. గొలుసు వదులైతే గలగలమంటుంది. ఒకప్పుడు సినిమా కంపెనీల కార్లు ఈ టి. నగర్ వీధుల్లో బారులు తీరి ఉండే రోజుల్లో, అనుభవమున్న డ్రైవరు ఇంజను చప్పుడు చెవిన పడగానే దాని జబ్బేమిటో చెప్పేవాడు. బెల్టు అలా కాదు. అది సణగదు, మూలగదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే కనిపిస్తుంది. ఇప్పటి మేలురకం రబ్బరు పైకి పగుళ్ళు కూడా చూపించదు. లోపలి గాజు నారలు ఎప్పుడు అలసిపోయాయో చూసి చెప్పడం కష్టం. అందుకే బాగున్నట్టు కనిపిస్తుండగానే మార్చాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేని వస్తువు ఇది.

మరి ఎప్పుడు మార్చాలి? బండిని బట్టి ఆ లెక్క మారుతుంది. చాలా బండ్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, దానితోపాటు ఇన్నేళ్ళని ఒక గడువు కూడా ఉంటుంది. అయితే కిలోమీటర్ల లెక్క మా పేటలో పూర్తిగా నిజం చెప్పదు. ఉస్మాన్ రోడ్డులో దీపావళి ముందు ఆదివారం సాయంత్రం కారు తీసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఇంజను గంటసేపు తిరుగుతుంది, బండి రెండు ఫర్లాంగులు కదులుతుంది. మీటరులో కనిపించేది ఆ రెండు ఫర్లాంగులే. బెల్టు తిరిగిన గంటను ఎవరూ రాసుకోరు. వానల మాట చెప్పనే అక్కరలేదు. 1920లలో మాంబళం చెరువును పూడ్చి, ఆ నేల మీద వేసిన పేట ఇది. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్నాం, నడుమ పానగల్ రాజా పేరిట పార్కు పెట్టుకున్నాం, పైన ఎన్నో అంతస్తులు లేపాం. అయినా 2021 నవంబరు వానల్లో నీళ్ళు తమ పాత చోటు వెతుక్కుంటూ వచ్చి జి.ఎన్. చెట్టి రోడ్డులో నిలబడ్డాయి. కప్పిపెట్టినంత మాత్రాన కింద ఉన్నది లేకుండా పోదని ఆ వారం మాకు బాగా తెలిసివచ్చింది. అలాంటి బురదనీటిలో నిలబడిన కారులో బెల్టు మూతలోకి ఏం చేరిందో కూడా మీటరు చెప్పదు.

ఇక నా సంగతి. మా ఇంట్లో ఉన్నది 2008 నాటి మారుతి 800. ఇంకొకరి దగ్గర కొన్నది. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను మళ్ళీ రాయించుకున్నాం. కొన్నప్పుడు బండితోపాటు ఒక బిల్లు వచ్చింది. టైమింగ్ బెల్టు మార్చినట్టు, దాని ఖరీదు, కూలీ అన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. తర్వాత ఒకసారి వేరే పనికి మా వీధి మేస్త్రి ఆ మూత విప్పాడు. లోపల ఉన్నది ఏళ్ళ తరబడి తిరిగిన బెల్టు. వీపు నిగనిగలాడుతోంది, అచ్చు అక్షరాలు అరిగిపోయాయి, ఒక పక్క నారలు లేచాయి. బిల్లు ఇచ్చింది ఎవరో ఇక్కడ చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు. మూత బిగించాక ఆ బిల్లే సత్యం. ఇన్నేళ్ళూ ఆ బండి మునుపటి యజమానినీ, ఆపైన మమ్మల్నీ ఆ కాగితం మీద మోసింది.

అప్పుడు నాకు కలిగిన ఆలోచన సహజమైనదే. ఇక ఎవరినీ నమ్మను, నేనే మార్చుకుంటాను అనుకున్నాను. పానాలూ జాకీలూ నాకు కొత్త కాదు. ఉద్యోగం చేసిన రోజుల్లో యంత్రాల మధ్యే బతికాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్ళి బెల్టు, టెన్షనరు తెచ్చాను. తెచ్చి బల్ల మీద పెట్టాక ఆ పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరినీ నమ్మనంటున్నాను, ఈ పెట్టెలో ఉన్నది అసలుదని నాకెవరు చెప్పారు? దుకాణదారు చెప్పాడు. ఆ రబ్బరు లోపల నారలు సరిగ్గా చుట్టారని ఎవరు చూశారు? ఏ ఊళ్ళోనో, ఏ కర్మాగారంలోనో నాకు ముఖం తెలియని మనిషి చూశాడు. ఇంట్లో పని చేసుకున్నంత మాత్రాన నమ్మకం అక్కరలేకుండా పోదు. అది ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారుతుందంతే.

రెండో ప్రశ్న మా అమ్మాయి వేసింది. ఆ బండి నాకన్నా ఎక్కువ తోలేది తనే. నెలకోసారి పసివాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తడ, సూళ్ళూరుపేట మీదుగా నెల్లూరు వెళుతుంది. లారీలు నూరు కిలోమీటర్ల వేగంతో వెనకే వచ్చే రోడ్డు అది. ఇంజను ఆగిందంటే బ్రేకు కూడా రెండు మూడు తొక్కులకే బిగుసుకుపోతుంది.

"నాన్నా, ఆ షెడ్డువాడు మోసం చేశాడు, నిజమే. దాన్ని బట్టి నువ్వు బాగా చేస్తావని ఎలా తేలింది?" అంది.

ఆ మాటలో పొగరు లేదు. అడగవలసినదే అడిగింది. నేను దానికి చాలా రోజులు జవాబు వెతుక్కున్నాను. వాడి మీద నాకు పోయిన నమ్మకం వాడి గురించి చెబుతుందే కాని నా చేతి గురించి ఏమీ చెప్పదు. వాడు కాకపోతే నేను అనుకోవడం తర్కం కాదు, అలక. మన కాలంలో ఈ అలకనే చాలామంది స్వావలంబన అని పిలుచుకుంటున్నారు. డాక్టరు మోసం చేశాడు కాబట్టి మన వైద్యం మనమే చేసుకుందామనీ, మేస్త్రి సిమెంటు తిన్నాడు కాబట్టి మన గోడ మనమే కట్టుకుందామనీ అంటాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగ ఇంకొకడే కానక్కరలేదు. మన తొందర, మన బద్ధకం, "ఆ చాల్లే" అనే మన మాట కూడా ఇంటి దొంగలే. షెడ్డువాణ్ణి అనుమానించడానికి మనం ఉన్నాం. మనల్ని అనుమానించడానికి మన ఇంట్లో ఎవరున్నారు?

ఈ ప్రశ్నకు లోకం కొన్నిచోట్ల జవాబు కనిపెట్టింది. విమానంలో దిశను మార్చే భాగాలను విప్పి బిగిస్తే, బిగించినవాడు సంతకం పెట్టినంత మాత్రాన చాలదు. ఆ పనిలో చెయ్యి పెట్టని రెండో మనిషి వచ్చి స్వయంగా చూడాలి. ఆపరేషను గదుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన జాబితాలో, రోగిని గది దాటించకముందే పరికరాలూ దూదిగుడ్డలూ లెక్కపెట్టి పైకి చెప్పాలని ఉంది. సర్జను అసమర్థుడని కాదు, విమానం మెకానిక్కు దొంగ అనీ కాదు. మంచివాడి చెయ్యి కూడా మూత పడేముందు ఇంకొక కంటికి కనబడాలని ఆ నియమాల భావం. అనుమానాన్ని అవమానంగా కాక పనిలో ఒక భాగంగా చూడడం అందులోని గొప్పతనం.

బెల్టు పనిలోనూ అలాంటి నియమం ఒకటి ఉంది. ముందు బ్యాటరీ తీగ తీసి, బండిని జాకీ మీద మాత్రమే వదలకుండా కింద స్టాండు పెట్టి, చక్రమూ పుల్లీ మూతా విప్పి, రెండు ఇరుసుల మీది గుర్తులను వాటి వాటి స్థానాలకు తెచ్చి, పాత బెల్టు తీసి కొత్తది ఎక్కిస్తాం. ఎక్కించగానే తాళం తిప్పకూడదు. పానాతో క్రాంకును చేత్తో, నిదానంగా, రెండు పూర్తి చుట్లు తిప్పాలి. అప్పటికి పైది ఒక చుట్టు పూర్తి చేసి వస్తుంది. గుర్తులు మళ్ళీ కలిశాయా అని చూడాలి. లోపల ఏదైనా తగులుతుంటే చేతికి తెలుస్తుంది, ఆగి చూసుకోవచ్చు. స్టార్టరు మోటారుకు ఆ తెలివి లేదు. ఈ రెండు చుట్లకు పట్టేది రెండు నిమిషాలు. పని మొత్తంలో నీతి అనదగినది ఏదైనా ఉంటే అది ఆ రెండు నిమిషాలలోనే ఉంది. బిగించిన మనిషిని పక్కకు జరిపి, తనిఖీ చేసే మనిషిగా మారి, ఒకే చేత్తో ఆ రెండో పని చెయ్యాలి.

నేను ఇంకొక అడుగు వేశాను. మా అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టేచోట పని అంతా అయ్యాక, మూత వెయ్యకుండా అమ్మాయిని పిలిచాను. ఏ గుర్తు ఎక్కడికి రావాలో బండి పుస్తకంలో బొమ్మ చూపించాను. టార్చి తన చేతికిచ్చి నేను రెండు చుట్లు తిప్పాను. తను వంగి చూసింది.

"ఇంకోసారి తిప్పు నాన్నా," అంది.

తిప్పాను. కలిశాయంది. అప్పుడే మూత బిగించాను. తనకు ఇంజన్ల గురించి నాకు తెలిసినంత తెలియదు. కాని తను ఏ గుర్తు ఏ గుర్తుకు ఎదురుగా ఉండాలో చూసింది. నన్ను నమ్మడం మానలేదు, కళ్ళు మూసుకుని నమ్మడం మాత్రం మానింది.

ఇందులోంచి నాకు తేలినది ఇది. మూత పడే పని ఏదైనా సరే, ఆ పని మీద ప్రాణం పెట్టుకుని వెళ్ళేవారికి మూత పడకముందు చూసే హక్కు ఉంది. ఆ హక్కు ఇవ్వడానికి సిద్ధపడేవాడు ఇంట్లో చేసుకోవచ్చు, షెడ్డులోనూ చేయవచ్చు. సిద్ధపడనివాడు తండ్రి అయినా సరే, ఎంత పనితనమున్నవాడైనా సరే, ఆ పని ముట్టకూడదు. ఎవరు చేశారన్నది తర్వాతి మాట. చూపించి చేశారా లేదా అన్నది ముందు మాట.

షెడ్డువాళ్ళకు అన్యాయం చేయకుండా ఒక మాట చెప్పాలి. మా వీధి మేస్త్రి ఆర్కాటు వైపు తెలుగువాడు. సగం తెలుగు, సగం తమిళం కలిపి మాట్లాడతాడు. ఏ సామాను మార్చినా పాతది కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. "చానామంది ఇంటికి తీస్కపోరు సార్, ఈడే పారెయ్యమంటారు. అయినా ఇయ్యాల," అంటాడు. మనం ఆ నూనె మరకల పొట్లాన్ని చూసి ముక్కు చిట్లిస్తాం. అది అతను మన ముందు పెట్టిన సాక్ష్యమని అనుకోము. ఆ కాస్త నిజాయితీకి బిల్లులో ఖరీదు లేదు. అదీ కలిపి లెక్కవేసి పది నిమిషాలు నిలబడి చూసే గిరాకీలం మనమైతే, దొంగ బిల్లు రాసేవాడికి అంత సులువు కాకపోను. చూడనివాళ్ళం మనం కూడా ఆ మూతకు ఒక బోల్టు బిగించినవాళ్ళమే.

అందుచేత ఇంటి దగ్గర బెల్టు మార్చుకోవాలనుకునే పాఠకులకు పానాల పట్టీ కన్నా ముందు ఒక్కటే చెబుతాను. మీ పక్కన నిలబడి, మీ మాట మీద గౌరవం ఉండి కూడా "ఇంకోసారి తిప్పు" అనగల మనిషిని ఒకరిని చూసుకోండి. అలాంటి మనిషి దొరక్కపోతే బండిని షెడ్డుకే పంపండి. పంపి, మూత వేసేదాకా అక్కడే నిలబడండి.