ప్రాణాన్ని పందెం కాయవచ్చునా?

మొన్నొక ఆదివారం రెండవ పూజ ముగిసి, జనం ఇంకా గుడి మెట్ల మీద కుశలప్రశ్నలు వేసుకుంటూండగా, మా విచారణకు చెందిన ఒక తల్లి నా గదికి వచ్చి బల్ల మీద ఒక మోటారుసైకిలు తాళంచెవి పెట్టింది. "ఫాదర్‌గారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. మావాడొచ్చి ఎంత బతిమాలినా ఇవ్వకండి" అన్నది. కొడుకు ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాడు. మట్టి గుట్టల మీదుగా బండిని ఎగరేసుకుంటూ పోయే మోటోక్రాస్ పందేల్లో పాల్గొంటున్నాడు. ఇప్పటికి రెండుసార్లు పడ్డాడు. రెండవసారి కాలర్ బోన్ విరిగింది. చదువు కాగానే, వీలైతే అంతకుముందే, ఇదే తన వృత్తి అంటున్నాడట. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఆమె అడిగింది: "దేవుడిచ్చిన ప్రాణంతో ఇలా ఆటలాడటం పాపం కాదా ఫాదర్?"

"పాపమేనమ్మా" అన్నాను వెంటనే. ఆ జవాబు తొందరపాటని తర్వాత తెలిసింది. ఈ వారం ఆ తొందరపాటు గురించే నాలుగు మాటలు.

నా తొందరకు కారణం లేకపోలేదు. ఎస్.ఆర్. నగర్‌లో ఉంటున్నవారికి బండ్ల మోత కొత్త కాదు. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనుక సందుల్లో హాస్టళ్ళు, ఆ హాస్టళ్ళ ముందు వరుసగా కుర్రవాళ్ళ బైకులు. అర్ధరాత్రి దాటాక ఖాళీ రోడ్డు మీద వాటిలో కొన్ని చేసే చప్పుడు మా గది కిటికీ దాకా వస్తుంది. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి అత్యవసర విభాగం ముందు, తెల్లవారుజామున డాక్టరు ఏం చెబుతాడోనని కూర్చున్న తల్లిదండ్రుల పక్కన నేనూ కూర్చున్నాను. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ గారి కుమారుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో గాయపడి మరణించినప్పుడు, వెనుక కూర్చున్న బంధువుల అబ్బాయి కూడా పోయినప్పుడు, ఈ నగరం ఎంత దుఃఖించిందో చాలామందికి జ్ఞాపకమే. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం తాగుడునూ వేగం మీది మోజునూ పక్కపక్కనే పెట్టి, వాటివల్ల తనకూ ఇతరులకూ ముప్పు తెచ్చేవాడు పెద్ద దోషమే చేస్తున్నాడని 2290వ పేరాలో చెబుతుంది. ఇవన్నీ నా మనసులో ఉండగా ఆ తల్లి ప్రశ్న వచ్చింది. వేరే జవాబు ఎలా వస్తుంది?

బుధవారం నవదిన ప్రార్థన తర్వాత ఆ అబ్బాయే వచ్చాడు. "స్తోత్రం ఫాదర్" అని నిలబడ్డాడు.

"తాళంచెవి కోసమా నాన్నా?" అన్నాను.

నవ్వాడు. "అది రోడ్డు బండిది ఫాదర్. కాలేజీకి వాడతాను. పందెం బండికి అసలు తాళంచెవే ఉండదు. బొత్తాం నొక్కితే స్టార్టవుతుంది. దానికి హెడ్‌లైటుండదు, నంబరు ప్లేటుండదు. రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. అమ్మకు చెప్పలేదు, తాళంచెవి దాచితే అమ్మకు కాస్త నిమ్మళంగా ఉంటుందని." తర్వాత ఇంకో మాట అన్నాడు: "నేను రోడ్డు మీద అరవై దాటను ఫాదర్. స్నేహితులు ముసలాయన అని ఎగతాళి చేస్తారు. ట్రాకు మీద గుట్ట అవతల ఏముందో నాకు తెలుసు. రోడ్డు మీద మలుపు అవతల ఏముందో ఎవరికీ తెలియదు."

వీధిలో పోకిరీగా తిరిగేవాణ్ణీ ఇతణ్ణీ నేను ఒకే గంపలో వేశానని అప్పుడు అర్థమైంది. వీధిలో వేగంగా పోయేవాడు తన సరదాకు అయిన ఖర్చును ఎదురుగా వచ్చే ముసలమ్మ చేత కట్టిస్తాడు. ఆమె ఒప్పుకున్నదా? లేదు. సత్యోపదేశం కోపమంతా అక్కడే. మైదానంలో పోటీపడేవాళ్ళు మాత్రం ఒకరి సంగతి ఒకరు తెలిసి, ఒప్పుకుని, లైసెన్సు తీసుకుని, నియమాలకు కట్టుబడి దిగుతారు. రెండింటికీ చక్రాలు రెండేగాని నీతి ఒకటి కాదు.

సరే, చూడకుండా మాట్లాడకూడదని ఒక శనివారం వాళ్ళు సాధన చేసే చోటికి వెళ్ళాను. ఊరి వెలుపల అద్దెకు తీసుకున్న మట్టి నేల. హెల్మెట్, మెడకు పట్టీ, ఛాతీకి కవచం, మోకాళ్ళకు రక్షణ, పిక్కల దాకా బరువైన బూట్లు, ఇన్ని తొడుక్కోవడానికే చాలాసేపు పట్టింది. పూజకు ముందు నేను తిరువస్త్రాలు వేసుకునేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపనేమో! ఎగురుతాడేమో చూద్దామని వెళితే, వాడు గంటకు పైగా ఒకే మలుపు తిరిగాడు. తిరగడం, ఆగడం, మళ్ళీ వెనక్కి రావడం. ముందు బ్రేకు ఎక్కడ వదలాలో, కాలు ఎప్పుడు చాపాలో, అదే పాఠం. పౌలుగారు కొరింతీయులకు రాస్తూ పందెగాళ్ళ దేహశిక్షణను ఎందుకు ఉదాహరణగా తీసుకున్నారో రామంతపూర్ గురువిద్యాలయంలో చదివినప్పటి కంటె ఆ ఎండలో నాకు బాగా తెలిసింది.

అక్కడే ఇంకొక సంగతి తెలుసుకున్నాను. పందెంలో ఎవరైనా పడిపోతే ఆ చోట పసుపు జెండా ఊపుతారు. అది కనిపించిందంటే వేగం తగ్గించాలి, గుట్ట మీదుగా ఎగరకూడదు, ముందున్నవాణ్ణి దాటకూడదు. అవతల నేల మీద మనిషి పడి ఉండవచ్చు గనుక. ఆ ఒక్క నియమం మన అమీర్‌పేట కూడలిలో ఉంటే బాగుండుననిపించింది.

ఇక అసలు ప్రశ్న. ఇతరులకు ముప్పు లేకపోతే తన ప్రాణం తాను పందెం కాయవచ్చునా? "నా ఒళ్ళు, నా ఇష్టం" అనే మాట ఈ కాలపు పిల్లలకు సులువుగా వస్తుంది. మనం అలా అనుకోము. ప్రాణం మనకు అప్పగించిన సొత్తు. మనం గృహనిర్వాహకులమే తప్ప యజమానులం కాము. అయితే, సొత్తును భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి ప్రభువు మెచ్చుకున్నాడా? లేదు గదా! ప్రాణాన్ని గుడ్డలో చుట్టి దాచుకోవడమే దాన్ని గౌరవించడం అయితే అగ్నిమాపక దళంలో ఎవరు చేరతారు?

పునీత తోమాసు అక్వినాసు ధైర్యానికి ఇరువైపులా రెండు దుర్గుణాలు చూపిస్తారు. ఒకటి పిరికితనం, రెండవది తెగింపు. తెగించినవాడు చూసేవాళ్ళకు ధైర్యవంతుడిలాగే కనిపిస్తాడు. తేడా ఎక్కడంటే, ధైర్యవంతుడి అపాయానికి ఒక మేలు లక్ష్యంగా ఉంటుంది, ఎంత అపాయమో కొలిచే వివేకం తోడుగా ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, మీదపడి కొట్టడం కంటె నిలబడి ఓర్చుకోవడమే ధైర్యానికి ముఖ్యమైన పని అంటారాయన. అందుకని అబ్బాయిని అడిగాను: "ఆ గుట్ట దూకితే వచ్చే మేలేమిటి?" కాసేపు ఆలోచించి, "అక్కడ కాపీ కొట్టడం కుదరదు ఫాదర్" అన్నాడు. తత్త్వశాస్త్రం చదివిన నాకు దానికి తక్షణం జవాబు దొరకలేదు.

శ్రీసభ అపాయాన్ని చూసి ఎప్పుడూ ముఖం తిప్పుకోలేదు. 1922లో పదకొండవ భక్తినాథ పోపుగా ఎన్నికైన అకిల్లె రాత్తి గారు గురువుగా ఉన్న రోజుల్లో, 1889లో, ఆల్ప్స్ పర్వతాలలోని మోంతె రోసా శిఖరాన్ని కష్టమైన తూర్పు వైపునుంచి ఎక్కినవారు. 2025 సెప్టెంబరు 7న పునీత పట్టం పొందిన పియెర్ జోర్జో ఫ్రస్సాతి కూడా కొండలెక్కే యువకుడే. కొండమీద కాలుజారితే మట్టిమీద జారినదానికంటె మెత్తగా ఏమీ ఉండదు.

కాని అదే శ్రీసభ గొంతు పెంచిన సందర్భమూ ఉంది. 1988లో పారిస్-డాకర్ ర్యాలీ ఆఫ్రికా ఎడారి పల్లెల మీదుగా సాగినప్పుడు పోటీదారులే గాక, పందెంతో ఏ సంబంధమూ లేని స్థానికులూ చనిపోయారు. ఆకలితో దప్పికతో మనుషులు అల్లాడే చోట ఈ ధన బల ప్రదర్శన ఏమిటని వాటికను దినపత్రిక ఒస్సెర్వతోరె రొమానో ఘాటుగా విమర్శించింది. పర్వతారోహకుణ్ణి మెచ్చిన సంస్థే దీన్ని ఖండించింది. కొలత అపాయం కాదు, ఎవరి నెత్తిన అపాయం అన్నది.

ఆ డాకర్ ర్యాలీయే ఈ కుర్రవాడి కల. మోటోక్రాస్‌లో రాటుదేలి అక్కడికి చేరిన బెంగళూరు యువకుడు సి.ఎస్. సంతోష్ 2015లో దాన్ని పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు, 36వ స్థానంలో. కేరళకు చెందిన హరిత్ నోవా 2024లో ర్యాలీ-2 అనే విభాగంలో ఏకంగా ప్రథముడుగా వచ్చాడు. ఈ రెండు పేర్లు చెప్పేటప్పుడు అబ్బాయి కళ్ళు మెరిశాయి. మరి 2021 జనవరిలో సౌదీ అరేబియా ఎడారిలో అదే సంతోష్ పడిపోతే హెలికాప్టర్‌లో రియాద్ తీసుకువెళ్ళి, డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారని గుర్తుచేశాను. "తెలుసు ఫాదర్. కోలుకున్నాడు గదా" అన్నాడు. కోలుకోనివారి సంగతి? సంతోష్ ఉన్న హీరో జట్టులోనే పోటీచేసిన పోర్చుగల్ దేశస్థుడు పావులో గోన్సాల్వెస్ 2020 జనవరి 12న అదే ర్యాలీలో పడి మరణించాడు. నలభై ఏళ్ళవాడు.

గోన్సాల్వెస్ గురించి ఆ అబ్బాయే నాకు చెప్పిన విషయం ఒకటుంది. 2016లో ర్యాలీ సాగుతుండగా వాల్క్‌నర్ అనే ప్రత్యర్థి తొడ ఎముక విరిగి పడి ఉంటే, గోన్సాల్వెస్ బండి ఆపి, సహాయం అందేదాకా దగ్గరే ఉన్నాడు. నాలుగేళ్ళ తర్వాత తాను పడినప్పుడు, టోబీ ప్రైస్ అనే మరొక ప్రత్యర్థి పందెం వదిలి అతని పక్కన నిలిచాడు. యెరికో దారిలో ఇద్దరు పక్కకు తొలగిపోయారని మనం ప్రతి ఏటా చదువుకుంటాం. గెలుపు చేతికందే దూరంలో ఉన్నవాడు బండి దిగాడంటే, ఆ ఆట వాణ్ణి పూర్తిగా పాడుచేయలేదనే నేననుకుంటాను.

ఇంతవరకు నేను అబ్బాయి పక్షానే మాట్లాడినట్టుంది. ఇక్కడ ఆగాలి. సరదాగా ఆడటం వేరు, దానితోనే బతకాలనుకోవడం వేరు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని లూకా సువార్తలో ప్రభువు అడుగుతారు. లెక్క చూద్దాం. 2024 చివరలో ఒక విదేశీ కంపెనీ మన దేశంలో విడుదల చేసిన 250 సీసీ మోటోక్రాస్ బండి ధర అప్పట్లో తొమ్మిదిన్నర లక్షల పైమాటే. టైర్లు, విడిభాగాలు, ప్రయాణాలు, విరిగిన ఎముకల ఖర్చు వేరు. 2024లో మొదలైన సూపర్‌క్రాస్ లీగ్ ఆటగాళ్ళను జట్లకు వేలం వేస్తున్నది. 2025లో మన గచ్చిబౌలి స్టేడియంలోనూ పోటీ జరిగింది. నిజమే. కాని అందులో ముందువరుస విదేశీయులది. జీతమిచ్చి పందేలకు పంపే మన కంపెనీ జట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

"ఆ బూట్లు ఎవరు కొనిచ్చారు?" అని అడిగాను.

తల వంచుకున్నాడు. "అక్క."

అక్క నర్సు. రాత్రి డ్యూటీలు చేస్తుంది. జర్మనీ వెళ్ళాలని ఆ భాష నేర్చుకుంటూ ఫీజుకు డబ్బు దాచుకుంటున్నది. ఆ దాచినదాంట్లోంచి బూట్లు, ఆసుపత్రి బిల్లు, రెండు పోటీల ప్రవేశ రుసుము పోయాయి. ఆమె సంతోషంగానే ఇచ్చిందట. ఆడపిల్లలు అలాగే ఇస్తారు, ఇచ్చేదాకా మనం అడుగుతూనే ఉంటాం. తల్లి అడిగింది ధైర్యం గురించిన ప్రశ్న అనుకుని నేను అక్వినాసు దాకా వెళ్ళాను. నిజానికి ఇది న్యాయం గురించిన ప్రశ్న. మైదానంలో తన ప్రాణాన్ని మాత్రమే పందెం కాస్తున్నాననుకున్నవాడు ఇంట్లో మరొకరి కలను కూడా పందెంలో పెట్టాడు. ఆమె చేతిలో పసుపు జెండా లేదు, అంతే.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఎదిగిన కొడుకు పిలుపును తాళంచెవితో బిగించి ఉంచలేరు. పసివాళ్ళ విషయం వేరు. ఈ లీగులోనే 85 సీసీ బండ్ల మీద బాలల విభాగం ఉంది. 2023 ఆగస్టులో చెన్నై దగ్గర రోడ్ రేసింగ్ పోటీలో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ళ బాలుడు పడి చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల మీద రాయి వేసే హక్కు నాకు లేదు. అయినా ఒప్పుకోవడం అంటే ఏమిటో ఇంకా తెలియని వయసులో ఒప్పుకున్నాడని మనమెలా అనగలం? నా మట్టుకు నేను ఆ వయసు పిల్లవాణ్ణి పందేనికి దింపవద్దనే అంటాను. కటువుగా ఉందనిపిస్తే మన్నించండి.

టికెట్టు కొని చూసేవాళ్ళం మనమూ తక్కువవాళ్ళం కాము. నాంపల్లి నుమాయిష్‌లో మృత్యుకూపం గోడల మీద బండి తిప్పేవాడికి నోటు చూపించి, చేతులు వదిలేయమని కేకలు వేసిన చిన్నతనం నాది. పునీత అగుస్తీను మిత్రుడు అలీపియసు కళ్ళు మూసుకుని రంగస్థలంలో కూర్చుని, జనం హోరు వినగానే కళ్ళు తెరిచాడట. తెరిచాక మూయలేకపోయాడు. అంతదూరం ఎందుకు, అన్నం పొట్లం పది నిమిషాల్లో రాలేదని మనం ఫోన్లో చికాకుపడినప్పుడు, వానలో ఎస్.ఆర్. నగర్ మలుపు తిరిగే కుర్రవాడు పందెంలో లేడా? అతని మెడకు పట్టీ లేదు, ఛాతీకి కవచం లేదు. అతని తల్లి మాత్రం ఇది పాపమా అని ఏ ఫాదర్‌నూ అడగడానికి రాలేదు.

ఆ అబ్బాయి తర్వాత ఒక నోటుపుస్తకం తెచ్చాడు. మొదటి పేజీలో పైన అక్కకు తిరిగి ఇవ్వవలసిన మొత్తం రాసుకున్నాడు. కింద రెండేళ్ళ ఖర్చులు, సెలవుల్లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తే వచ్చేది. డిగ్రీ పూర్తిచేస్తానని తండ్రికి మాటిచ్చాడట. ఇన్సూరెన్సు అని రాసిన చోట ఖాళీగా ఉంది. పందేలకు వర్తించే పాలసీ ఇంకా వెదుకుతున్నాడు. తల్లికి నచ్చచెప్పబోయాను. "మీరు పాపమన్నారు గదా ఫాదర్" అన్నది. అన్నానమ్మా, తొందరపడ్డాను అన్నాను. ఆమెకు నామీద కోపం పోలేదు.

తాళంచెవి నా సొరుగులోనే ఉండిపోయింది. మొన్న బుధవారం రాత్రి వాళ్ళక్క వచ్చి, డ్యూటీకి ఆలస్యమవుతోంది ఫాదర్, తమ్ముడు దింపుతాడు అని అడిగి తీసుకుంది. గేటు బయట వాడు హెల్మెట్ పెట్టుకుని, రెండవది ఆమె కోసం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.