విధేయత - బాధ్యత: ‘దేవదాసు’ నవలలో ఒక నైతిక ప్రశ్న

శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల ‘దేవదాసు’ 1917లో వెలువడింది. అనువాదాల ద్వారా, 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం ద్వారా అది తెలుగువారి సొంత కథ అయింది. భగ్నప్రేమికునికి ‘దేవదాసు’ మారుపేరుగా స్థిరపడింది. ఈ వాడుకలో సానుభూతి ఉంది గాని తీర్పు లేదు. పెద్దల కాఠిన్యానికి బలైనవాడని లోకం అతన్ని క్షమించింది. ఆ క్షమ ఎంతవరకు న్యాయమన్నదే ఇక్కడ విచార్యాంశం.

దేవదాసు జమీందారు కుమారుడు. పార్వతి పొరుగింటి సామాన్య కుటుంబంలోని పిల్ల. ఇరువురూ బ్రాహ్మణులే. అయినా పార్వతి ఇంటివారు ఆడపిల్లకు శుల్కం పుచ్చుకునే వంశంవారని, పైగా ఇరుగుపొరుగు వియ్యమని జమీందారు కుటుంబం సంబంధాన్ని తిరస్కరిస్తుంది. ఇక్కడ ధనభేదం వంశమర్యాద పేరుతో మాట్లాడుతుంది. శుల్కం పుచ్చుకోవడం అమ్మకమైతే, అంతస్తు చూసి వియ్యమందడం ఏమవుతుందన్న ప్రశ్న ఆ ఇంట ఎవరికీ తట్టదు.

పార్వతి తన పరువును పణంగా పెట్టి రాత్రివేళ దేవదాసు గదికి వస్తుంది. అతడు తండ్రి కాదనగానే కలకత్తా వెళ్లి, తల్లిదండ్రులను నొప్పించలేనని ఉత్తరం రాస్తాడు. పితృవాక్యపరిపాలన మన సంప్రదాయంలో ఉత్తమ ధర్మమే. కాని రాముడు తండ్రి మాటకై వదులుకున్నది తన రాజ్యాన్ని. దేవదాసు విధేయతకు మూల్యం చెల్లించవలసి వచ్చింది మొదట పార్వతి.

అతనికి స్వార్జితం లేదని, తండ్రిని ధిక్కరిస్తే నిలువ నీడ ఉండదని వాదించవచ్చు. ఆ వాదంలో బలముంది. అయితే ఆ ఉత్తరంలోనే అతడు ఆమెపై తనకు గాఢమైన ప్రేమ ఏనాడూ లేదన్నట్టు కూడా రాస్తాడు. అశక్తత క్షమార్హం, దానిని కప్పిపుచ్చే అసత్యం కాదు.

పశ్చాత్తాపంతో తిరిగివచ్చినప్పుడు పార్వతి తన తల్లిదండ్రులకూ గౌరవముందని బదులిస్తుంది. తాను చెప్పిన కారణమే ఆమె నోట వినవలసి వచ్చేసరికి దేవదాసు సహించలేక గాలపుకర్రతో ఆమె నుదుట కొడతాడు. పెద్దల మాట అతనికి ధర్మమైతే ఆమెకు అహంకారమెట్లా అవుతుంది? అంతస్తుల భేదాన్ని ఇంటి పెద్దలే కాదు, ప్రేమికుడు కూడా తనలో మోస్తున్నాడని ఈ ఘట్టం నిరూపిస్తుంది.

ఆ తరువాతి పతనం, మరణం జాలి గొలిపేవే. వేదన ప్రాయశ్చిత్తం కావచ్చునేమో గాని సమర్థన కాజాలదు. కాదన్న కుటుంబానిది ఒక దోషం. ఆ కాదనడాన్ని మోసుకొచ్చి ప్రియురాలి చేతిలో పెట్టిన ప్రేమికునిది మరొకటి. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని మాపలేము.