మీటరు అబద్ధమాడితే బాధ్యుడెవరు?

మా కళాశాలలో చదువుకునే ఒక విద్యార్థి ఆ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. అతని తండ్రి ఒక రసాయన కర్మాగారంలో, కంట్రోల్ రూములో పనిచేస్తాడు. గంటగంటకూ తెరమీద కనిపించే వేడినీ, వత్తిడినీ లాగ్‌బుక్కులో రాసి కింద సంతకం పెట్టటం ఆయన విధి. “ఇదివరకు నాన్న ట్యాంకు దగ్గరికి స్వయంగా వెళ్ళి మీటరు చూసి వచ్చేవాడు మాస్టారూ! ఇప్పుడు కుర్చీలోంచి లేవనక్కరలేదు. కాని ఆ తెరమీది అంకెను ఎక్కడో కూర్చుని ఎవడో మార్చేస్తే, నాన్న సంతకానికి జవాబుదారీ ఎవరు?” అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

ఇది ఊహలోంచి పుట్టిన ప్రశ్న కాదు. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కేంద్రంలో సెంట్రిఫ్యూజులను దెబ్బతీసిన స్టక్స్‌నెట్ అనే ప్రోగ్రాము 2010లో బయటపడింది. అది యంత్రాల వేగాన్ని రహస్యంగా మార్చింది. అంతటితో ఆగలేదు. అంతా సవ్యంగా వున్నప్పటి అంకెలను ముందే పట్టి వుంచి, యంత్రం చెడిపోతున్న సమయంలో వాటినే తిరిగి చూపించింది. యంత్రాన్ని పాడుచెయ్యటం పాత విద్యే. యంత్రాన్ని కాపాడవలసిన మనిషి కళ్ళకు గంతలు కట్టటం కొత్త విద్య.

2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోరసాయన కర్మాగారంలో జరిగింది ఇంకా భయంకరమైనది. వత్తిడి హద్దు దాటితే కర్మాగారాన్ని దానంతటదే ఆపివేసే రక్షణ యంత్రాంగం ఒకటి అక్కడ వుంది. ట్రైటన్ అని పేరుపడిన ప్రోగ్రాముతో చొరబాటుదారులు ఆ రక్షణ యంత్రాంగాన్నే పట్టుకున్నారు. వారి ప్రోగ్రాములో ఏదో పొరపాటు దొర్లి కర్మాగారం ఆగిపోయింది గనుక ప్రాణాలు దక్కాయి. అంతకు రెండు నెలల ముందూ ఒకసారి అలాగే ఆగితే, యంత్రలోపమనుకుని మళ్ళీ నడిపించారు. ఆ యంత్రాంగానికి ఒక తాళంచెవి వుంటుంది. ప్రోగ్రాము మార్చవలసి వచ్చినప్పుడు మాత్రమే దాన్ని తిప్పాలి. అది తిప్పిన స్థితిలోనే వుండిపోయిందని తరువాత తేలింది.

ఇక్కడ రెండు తేలిక జవాబులు సిద్ధంగా వుంటాయి. దుర్మార్గుడు చొరబడ్డాడు, నేరం వాడిదే అన్నది మొదటిది. కార్మికుడు తాళంచెవి తిప్పటం మరిచాడు, నేరం వాడిదే అన్నది రెండవది. చొరబడినవాడి నేరాన్ని నేను తగ్గించి చెప్పను. కాని ఇల్లు దోచిన దొంగను తిట్టటంతో గోడకు కన్నం ఎందుకున్నదన్న ప్రశ్న తీరిపోదు. ఉత్పత్తి నిమిషనిమిషానికీ కేంద్ర కార్యాలయంలో కనబడాలనీ, యంత్రం అమ్మిన కంపెనీ దూరంనుంచే మరమ్మతు చెయ్యాలనీ, మూడు షిఫ్టుల్లో మనుషుల సంఖ్య తగ్గించాలనీ నిర్ణయించేది ఎవరు? కంట్రోల్ రూములోని మనిషిని ఆ నిర్ణయాలకు ఎవరూ పిలవరు. ప్రమాదం జరిగాక విచారణకు మాత్రం మొదట పిలుస్తారు.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం వుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వెలువడిన రాత్రి ఏ కంప్యూటరూ మోసం చెయ్యలేదు. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని నెలల క్రితమే ఆపివేశారు. వాయువును తగలబెట్టే గొట్టం పనిచేసే స్థితిలో లేదు. అయినా కార్మికుడొకడు కావాలని విద్రోహం చేశాడని కంపెనీ వాదించింది. రక్షణ ఖర్చు తగ్గించినవారి చేతులు శుభ్రంగా కనబడాలంటే, చివర వాల్వు ముట్టుకున్న చెయ్యి మురికిగా వుండాలి. రేపు తెరమీది అంకె అబద్ధమాడిన రోజున ఈ వాదమే మళ్ళీ వినబడుతుందని నా భయం.

అలాగని యంత్రాలను పగలగొట్టమంటారా అని మిత్రులు అడగవచ్చు. 1811లో నాటింగ్‌హామ్ నేతపనివారు ఆ పనే చేశారు. వారి కడుపుమంట నాకర్థమవుతుంది. వారి మార్గం మనది కాదు. విషవాయువు ట్యాంకు దగ్గరికి మనిషి వెళ్ళవలసిన అవసరం తప్పించిన యంత్రం మనకు మిత్రుడే. పేచీ యంత్రంతో కాదు. దాని పగ్గాలు ఎవరి చేతిలో వున్నాయన్నదానితో.

2019 మార్చిలో నార్వేకు చెందిన నార్స్క్ హైడ్రో అనే అల్యూమినియం సంస్థ కంప్యూటర్లను చొరబాటుదారులు స్తంభింపజేసి డబ్బు అడిగారు. సుమారు 35,000 మంది పనిచేసే సంస్థ అది. డబ్బు ఇవ్వటానికి నిరాకరించింది. జరిగినదాన్ని దాచక లోకానికి చెప్పింది. అప్పుడు చాలా పనులను కాగితం మీదా, చేతులతోనూ నడిపించినవారు కార్మికులు. పాత పద్ధతులు తెలిసిన రిటైరయినవారు కూడా తిరిగి వచ్చి సాయపడ్డారు. మన యాజమాన్యాలు వెనకబాటుతనం అని కొట్టిపారేసే ఆ పనితనమే అక్కడ ఆపద్ధర్మమయింది. పనితనాన్ని తుడిచిపెట్టి పొదుపు చేశామనుకునేవారు, నిజానికి సమాజపు రక్షణ నిధిలోంచి దొంగిలిస్తున్నారు.

బాధ్యత రెండు కాళ్ళమీద నిలబడుతుంది: తెలుసుకోగలగటం, ఆపగలగటం. ఈ రెండూ లేనివాడిమీద మోపింది బాధ్యత కాదు, బలి. భోపాల్ తరువాత 1987లో ఫాక్టరీల చట్టాన్ని సవరించి, తాము పనిచేసేచోట ఏ ప్రమాదం పొంచివుందో తెలుసుకునే హక్కు కార్మికులకుందని గుర్తించారు. ఆ సూత్రాన్ని ఇప్పుడు ట్యాంకులోని రసాయనం నుంచి తెర వెనకున్న ప్రోగ్రాముదాకా పొడిగించాలి. ఏ యంత్రం ఎవరితో ముడిపడి వుందో కార్మికుడికి తెలియాలి. అనుమానం వస్తే యంత్రాన్ని ఆపినందుకు అతని ఉద్యోగం పోకూడదు. తెరతో సంబంధం లేని ఒక మీటరు ట్యాంకు దగ్గర వుండాలి. దాన్ని చదవగల మనిషీ, వెళ్ళి చూసేందుకు వ్యవధీ వుండాలి.

ఆ విద్యార్థికి ఇప్పుడు నా జవాబు ఇది: మీ నాన్న చూడగలిగినదానికి మీ నాన్న సంతకం చాలు. చూడనివ్వనిదానికి, చూడనివ్వకుండా చేసినవారు సంతకం పెట్టాలి. లాగ్‌బుక్కులో వారికీ ఒక గడి గీయించటం మీ నాన్న ఒక్కడివల్ల కాదు. అది సంఘం చెయ్యవలసిన పని.