మరుగైనది చూచుట

139వ కీర్తనకారుడు మరుగుననున్న తన దేహనిర్మాణమును తలంచి ఆశ్చర్యపడెను. ఆ మరుగును మనుష్యుడు కొంచెము చూడనేర్చినది ఈమధ్యనే. 1971 అక్టోబరు 1న లండనులో ఒక రోగి తలకు మొదటి సి.టి. స్కాను తీసిరి. నేడు అట్టి పలుచని అడ్డుకోత బొమ్మలనే కంప్యూటరు పేర్చి, వెలుగు వాటిలో ఎట్లు చొచ్చునో, ఎట్లు చెదరునో లెక్కకట్టి, నీడలతో సహా ఫోటోవంటి రూపము చేయుచున్నది. గడ్డ ఏ రక్తనాళమును ఆనుకొన్నదో శస్త్రవైద్యుడు కత్తి పట్టకముందే త్రిప్పి చూచుకొనును. అది నిజముగా ఫోటో కాదు సుమా! స్కానులో పడనిది అందులోను కనబడదు. గడ్డ ఎట్టిదో తేల్చుటకు తరచు ముక్క తీసి పరీక్షింపవలసినదే.

మా సంఘములో ఒక సహోదరి కడుపునొప్పిని ఆరు నెలలు దాచుకొనెను. సంగతి తెలిసిన తరువాత పెద్దలమైన మేము ఆమె యింట ప్రార్థనకూటము పెట్టితిమి గాని, స్కానుకు వెళ్లుమని ఒక్కరమైనను చెప్పలేదు. చెప్పిన యెడల అవిశ్వాసమనుకొందురని జంకితిమి. తప్పు మాదే. లూకా వైద్యుడే గదా! తుదకు ఆమె కుమారుడే తీసికొనిపోయెను. డాక్టరుగారు అట్టి బొమ్మనే చూపి, గడ్డ కాలేయము క్రిందనున్నదనిరి. మీలో నొప్పి దాచుకొనువారుంటే ఈ వారమే చూపించుకొనుడి. నెలాఖరున ఆమెకు ఆపరేషను. మేము ఆసుపత్రి వరండాలో ఉందుము. మీరున్నచోటనే ఆమె కొరకు మోకరించుడి.