అడిగితే చాలు

వస్తువుకి విలువ ఎక్కణ్ణించి వస్తుంది? కొన్న ధర వల్లనా, పాతబడటం వల్లనా, దాచినవాళ్ళ వల్లనా? ఇంత పెద్ద ప్రశ్న నాకు వంటింట్లో తట్టలేదు లెండి. మొన్న ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో అత్తయ్యగారి పక్కన నిలబడి ఉండగా తట్టింది.

మేముండేది మదీనాగూడలో. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి, పిల్లలతో సహా ఆటోలో మూసీ ఒడ్డుకి చేరుకున్నాం. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మా అందరికంటే ముందు నడిచారు.

మేలిముసుగు రెబెకా ముందు చాలాసేపు ఆగారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముసుగూ రాయే, ముసుగులోంచి కనిపించే ముఖమూ రాయే! "తడిబట్ట కప్పినట్టుందే అమ్మాయ్!" అన్నారు. బొమ్మమనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలతో సమానంగా చప్పట్లు కొట్టారు.

బిదిరీ పనివాళ్ళ పాత్రలు చూస్తుండగా అడిగారు, "ఇవన్నీ ఎవరు కూడబెట్టారే?"

"చాలామటుకు మూడో సాలార్‌జంగ్, అత్తయ్యా. నిజాంగారి దగ్గర దివాన్‌గా చేశారు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన దేవిడీలోనే మ్యూజియం పెట్టారు. ఈ భవనంలోకి 1968లో మార్చారు."

"పెళ్ళీ పిల్లలూ లేని మనిషి ఇన్ని దాచాడు. మనం ఒక్క గుండిగ దాచలేకపోయాం" అన్నారావిడ.

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ ఫ్లాటుకి మారేటప్పుడు ఆవిడ పుట్టింటి సారెలో వచ్చిన ఇత్తడి గుండిగని నేను తూకానికి వేసేశాను. వాళ్ళమ్మ దానిమీద ఆవిడ పేరు చెక్కించి ఇచ్చారు. మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కనా చీటీ ఉన్నట్టే, దానికీ ఉందన్నమాట! నేను చదవలేదు, అంతే.

నా పక్షానా న్యాయం లేకపోలేదు. ఆయన దివాను, ఉన్నది దేవిడీ. మాకున్నవి మూడు గదులు. వచ్చిన ప్రతి సామానూ దాచుకుంటూ పోతే మనుషులు ఎక్కడ పడుకోవాలి? పారేయడం తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటాను. మరి తప్పెక్కడ? గుండిగ ఇంటిదే కావచ్చు, దాంతో ముడిపడ్డ జ్ఞాపకం నాది కాదు. నాది కానిదాన్ని తూకం వేయించే హక్కు నాకెవరిచ్చారు? ఇత్తడికి కాటా ఉంది. రెండోదాని బరువు, మోసినవాళ్ళని అడిగితేగాని తెలియదు.

తిరుగు మెట్రోలో, "అత్తయ్యా, గుండిగ విషయం మీకొక్కమాట చెప్పాల్సింది. పొరపాటయింది" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా నా చెయ్యి నొక్కి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక బాల్కనీలో మూలనున్న రుబ్బురోలు కనిపించింది. అదీ ఆవిడదే. ఎన్నాళ్ళనుంచో తీసెయ్యాలనుకుంటున్నాను. ఈసారి అడిగాను, "దీన్ని ఉంచుదామా?"

ఆవిడ నవ్వారు. "రుబ్బేవాళ్ళెవరే? పనికొచ్చేవాళ్ళకి ఇచ్చెయ్. అడిగావుగా, చాలు."