పెళ్ళికి కర్త ఎవరు?

పెళ్ళి పనులన్నీ డబ్బిచ్చి ఒకరి చేతిలో పెట్టవచ్చా? పెడితే ఆ పెళ్ళికి కర్త ఎవరు? హైదరాబాదు శివార్లలోని కన్వెన్షన్ హాళ్ళలో తప్ప ఈ ప్రశ్నకు చోటు లేదనుకోవడం తేలిక. నాకు మాత్రం ఇది డబ్బు దండిగా ఉన్నచోటి కన్నా మనుషులు దూరమైన చోట ఎక్కువ నిలదీసే ప్రశ్నగా కనిపిస్తుంది. అలాంటి చోటు భివండి. థానే నుంచి వచ్చే పాత ఆగ్రా రోడ్డు, కామణ్ మీదుగా వసై వైపు పోయే రోడ్డు అంజూర్ ఫాటా దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి ఊళ్ళోకి నడిస్తే కామత్‌ఘర్, పద్మానగర్ వీధుల్లో సాంచాల చప్పుడు మధ్య తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో పద్మశాలీలు మరమగ్గాలను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. వాళ్ళ మనవల పెళ్ళిళ్ళు ఇప్పుడు ఇక్కడే జరుగుతున్నాయి. సొంతూళ్ళో పెళ్ళంటే మేనమామ ఒక పని, బాబాయి ఒక పని, వీధిలోని ఆడవాళ్ళు మిగతా పనులన్నీ అందుకునేవాళ్ళు. ఇక్కడ మేనమామ సిరిసిల్లలో ఉంటాడు, బాబాయికి రాత్రి షిఫ్టు ఉంటుంది. పందిరి నుంచి పప్పన్నం దాకా ఈవెంట్ వాళ్ళకు ప్యాకేజీగా ఇచ్చేయడం ఈ ఊళ్ళో డాబు కోసం చేసే పని కాదు, చాలా ఇళ్ళకు అదొక్కటే దారి.

నా వాదన ఇది. పెళ్ళి ఏర్పాట్లను వృత్తిగా చేసుకోవడంలో ధర్మానికి భంగమేమీ లేదు. అప్పజెప్పదగిన పనులు ఎన్నో ఉన్నాయి, వాటిని శ్రద్ధగా చేసిపెట్టి డబ్బు తీసుకోవడం మర్యాదైన జీవనం. అప్పజెప్పకూడనివి కొన్నే. ఆ కొన్నింటిని ఇంటివాళ్ళ చేతుల్లోంచి జారిపోకుండా కాపాడడమే ఈ వృత్తి నాణ్యతకు అసలు కొలత. అలంకరణ ఎంత బాగుందన్నది ఆ తర్వాతి మాట.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం అందరికీ తెలిసిందే. వెనుకటి పెళ్ళి బంధుప్రేమతో జరిగేది, డబ్బు చొరబడి దాన్ని వ్యాపారం చేసింది అంటారు. ఆ వెనుకటి పెళ్ళిని దగ్గరగా చూద్దాం. ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి రావాలి. పుస్తెలు అవుసలి చేయాలి. పీటలు వడ్రంగి చెక్కాలి. గోళ్ళు తీయడానికి మంగలి, మైలబట్టలకు చాకలి, వాయిద్యానికి మరో కులం, మంత్రానికి బ్రాహ్మడు. ఒక్కొక్కరికీ ఇంత ధాన్యం, ఇంత బట్ట, ఇంత కట్నం అని లెక్క ఉండేది. అంటే పెళ్ళి ఎన్నడూ కేవలం బంధువుల చేతిపని కాదు, కూలి ఇచ్చి చేయించుకున్న పనే. పైగా ఆ కూలి పుట్టుకతో అంటగట్టిన కూలి. బేరమాడే హక్కు లేదు, రానని చెప్పే హక్కు అసలే లేదు. ఈనాడు అడ్వాన్సు తీసుకుని, రేటు ముందే చెప్పి, ఇష్టం లేకపోతే ఒప్పుకోని డెకరేటరు ఆ పాత ఏర్పాటు కంటే ఎంతో న్యాయమైన స్థితిలో ఉన్నాడు. దాన్ని స్వర్ణయుగంగా తలుచుకుని ఇప్పటి వృత్తిని తక్కువ చేయడం, ఆ రోజుల్లో పందిరి బయట నిలబడి పని చేసినవాళ్ళను మరిచిపోవడమే.

డబ్బిచ్చి చేయించిన క్రతువు ఎవరిదన్న ప్రశ్నను మన పూర్వులు కూడా తప్పించుకోలేదు. జైమిని మీమాంసా సూత్రాల మూడో అధ్యాయంలో, ఏడో పాదంలో, ఇదే చర్చ ఉంది. యజ్ఞఫలం చేసినవాడికి చెందాలి కదా, మరి ఋత్విక్కులే అంతా చేస్తుంటే ఫలం యజమానికి ఎలా వస్తుంది? అయితే యజమాని అన్నీ తానే చేయాలా? శాస్త్రమే దక్షిణ ఇచ్చి ఋత్విక్కులను పెట్టుకోమంది కాబట్టి పనులు వాళ్ళచేత చేయించవచ్చు, ద్రవ్యాన్ని త్యాగం చేసేది మాత్రం యజమానే అయి ఉండాలి అని అక్కడ తేల్చారు. భివండి వాళ్ళకు ఈ తీర్మానం కొత్తగా వినిపించదు. ఇక్కడ చాలా షెడ్లలో నూలు సేటుది, సాంచ మరొకరిది, నడిపే చేతులు ఇంకొకరివి. నూలిచ్చినవాడు మజూరీ కట్టి గుడ్డ తీసుకుపోతాడు. నేసినవాడి నైపుణ్యాన్ని ఎవరూ కాదనరు, అయినా గుడ్డ నూలిచ్చినవాడిదే. పెళ్ళిలో ఇంటివాళ్ళు ఇవ్వాల్సిన నూలు ఒకటుంది. దాన్నీ ప్లానరే తెచ్చుకోవాల్సి వస్తే పెళ్ళి వాళ్ళది కాకుండా పోతుంది.

ఆ నూలు ఏమిటో చెప్పడానికి కూడా మీమాంస దగ్గరే ఆధారం ఉంది. ఆరో అధ్యాయం మూడో పాదంలో ప్రతినిధి చర్చ వస్తుంది. ఒక వస్తువు దొరకకపోతే దాని బదులు మరొకటి వాడవచ్చా అన్నది అక్కడి విచారణ. వస్తువుకు బదులు ఒప్పుకున్నారు. వడ్లు లేకపోతే నివ్వరి, సోమలత లేకపోతే పూతిక. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు మాత్రం బదులు లేదన్నారు. యజమానికీ బదులు లేదన్నారు. వేల ఏళ్ళ కిందటి ఈ విభజన ఇవాళ్టి ప్లానరు చేతిలోని పనుల పట్టీకి అతికినట్టు సరిపోతుంది. మామిడాకులు దొరక్కపోతే వేరే తోరణం, పచ్చని పందిరి వేసే జాగా లేకపోతే హాలు, అరటిచెట్ల చోట ఇనుప ఫ్రేము. ఇవన్నీ వస్తువులు, మార్చుకోవచ్చు. వీటి గురించి ఛాందసం అక్కర్లేదు. కానీ హాలు నియమం పేరుతో అగ్నిని రెండు నిమిషాల్లో ఆర్పించడం, డీజే చప్పుడులో మంత్రం పురోహితుడికే వినపడకపోవడం వేరే జాతికి చెందిన విషయాలు.

క్రియ సంగతి ఇంకాస్త ఆగి చూడాలి. జీలకర్రా బెల్లం ఘట్టమే తీసుకుందాం. నూరిన ముద్ద తమలపాకులో ఉంటుంది. మధ్యలో అడ్డుతెర. పురోహితుడి కన్ను గడియారం మీద. ముహూర్తం పడగానే వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఆ ముద్ద ఉంచి అదిమి పట్టుకోవాలి, అప్పుడు తెర దిగి చూపులు కలవాలి. పెళ్ళంతటిలో గడియారానికి కట్టుబడి ఉన్నది ఆ ఒక్క క్షణమే, మిగతా వేడుకంతా దాని చుట్టూ అల్లుకున్నది. ఆ క్షణంలో ఫోటోగ్రాఫరు చెయ్యి కొంచెం పక్కకు అనో, ఇంకోసారి అనో అంటే పిల్లవాడి చూపు పిల్ల మీది నుంచి కెమెరా మీదికి పోతుంది. రెండోసారి చేసింది క్రియ కాదు, క్రియకు నకలు. అంతకు ముందటి సంకల్పంలోనూ ఇంతే. అందులో శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నారో చెప్పాలి. సిరిసిల్లలో ఉత్తరమన్న మాట భివండిలో వాయవ్యంగా మారాలి. కన్యాదానంలో గోత్రం, తండ్రి, తాత, ముత్తాత పేర్లు పలకాలి. పద్మశాలీలకు 101 గోత్రాలని చెప్పుకుంటారు, అందులో తమది ఏదో ఇంటివాళ్ళే చెప్పాలి. ముత్తాత పేరు కోసం ఊరికి ఫోను చేయాల్సి వస్తే ఆ ఫోను చేయాల్సింది తండ్రి. నాలుగు రోజుల ముందే ఆ పేర్లు అడిగి గుర్తుచేసే ప్లానరు తన పని బాగా చేసినట్టు. అప్పటికప్పుడు తోచిన పేరుతో నడిపించేస్తే, పువ్వులు ఎంత బాగున్నా పని చెడినట్టు.

పురోహితుణ్ణి సంతృప్తి పరిస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఆపస్తంబ గృహ్యసూత్రం పెళ్ళి ఆచారాల్ని స్త్రీల దగ్గర తెలుసుకోమంటుంది. ఆశ్వలాయనుడు దేశానికో తీరు, ఊరికో తీరు ఉంటుందని, పెళ్ళిలో వాటిని పాటించాలని చెబుతాడు. గ్రంథం రాసినవాళ్ళే గ్రంథం చాలదని ఒప్పుకున్న చోటిది. మైలపోలు ఎప్పుడు తీయాలి, ఐరేని కుండల ముందు ఏ పాట పాడాలి, ఒడిబియ్యంలో ఏమేమి కలపాలి అన్న తెలివి పద్మానగర్‌లో అరవై డెబ్భై దాటిన నాయనమ్మల దగ్గర ఉంది. ప్యాకేజీ ఈ తెలివి మీదే పెద్ద దెబ్బ కొడుతుందన్నది నా అసలు బాధ. హల్దీ, సంగీత్, ఎంట్రీ అన్న మూడు మాటలు ఢిల్లీ నుంచి భివండి దాకా ఒక్కలాగే అమ్ముడవుతాయి. పసుపు రోజున నాయనమ్మకు ముందు వరుసలో కుర్చీ దొరుకుతుంది, పని మాత్రం దొరకదు. మరాఠీ ఇంటి పిల్లతో తెలుగు పిల్లవాడి పెళ్ళయినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మన అడ్డుతెరే వాళ్ళకు అంతర్‌పాట్. ఆ తెర పట్టుకుని వాళ్ళు మంగళాష్టకాలు పాడతారు, మనం జీలకర్రా బెల్లం పెడతాం. రెండిళ్ళ పెద్దావిడల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఏది ముందో మాట్లాడుకోనిస్తే ఒక్క తెరతో రెండూ జరుగుతాయి. ప్లానరు తన నమూనాను రెండిళ్ళ మీదా రుద్దితే రెండూ పోతాయి.

అవతలి వైపు నుంచి మరింత బలమైన అభ్యంతరం ఉంది. క్రతువే అక్కర్లేదనుకునేవాళ్ళకు ఈ మీమాంస అంతా ఎందుకు? ఇష్టపడిన ఇద్దరు, ఒక రిజిస్టరు, ఒక విందు సరిపోవా? 1954 ప్రత్యేక వివాహ చట్టం ఆ దారిని గౌరవంగా తెరిచి ఉంచింది. ఆ దారిలో వెళ్ళేవారి పెళ్ళికి ఏ లోటూ లేదు. కానీ క్రతువును సంస్కరించినవాళ్ళు ఏం వదిలారో, ఏం వదల్లేదో చూడండి. 1873లో జ్యోతిరావు ఫూలే పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజం పురోహితుడు లేకుండా పెళ్ళిళ్ళు జరిపించింది. బొంబాయిలోని తెలుగు కాంట్రాక్టర్లు ఆ సమాజానికి అండగా నిలిచారు. తెలుగునాట త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే వివాహవిధి రాసి, తానే పెళ్ళిళ్ళు చేయించారు. మంత్రాన్ని మార్చడం మీమాంసకులకు రుచించదు, నిజమే. అయినా ఈ సంస్కర్తలు వధూవరులు తమ నోటితో, తమకు అర్థమయ్యే మాటల్లో చెప్పుకునే ప్రమాణాన్ని తీసేయలేదు, ఇంకా గట్టి చేశారు. పురోహితుణ్ణి తప్పించిన చోట కూడా కర్తకు ప్రతినిధిని పెట్టలేదు. రెండు వ్యతిరేక సంప్రదాయాలు ఒకే చోట ఆగాయంటే అక్కడ ఏదో గట్టి నేల ఉన్నట్టే. చట్టం కూడా అక్కడే ఆగింది. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఇరుపక్షాలలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలంటుంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. 2024లో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం హిందూ వివాహమంటే ఆటపాటల, విందుల కార్యక్రమం కాదని, క్రతువు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ దాన్ని హిందూ వివాహం చేయలేదని స్పష్టం చేసింది. చివరికి పన్నుల శాఖ కూడా ఈ గీత గీసింది. పెళ్ళి ఏర్పాట్లు చేసే ఈవెంట్ సేవపై 18 శాతం జీఎస్టీ ఉంది, మతపరమైన క్రతువు జరిపించే సేవకు 2017 నుంచీ మినహాయింపు ఉంది.

ఖర్చు సంగతి వదిలేస్తే ఈ వాదనకు నిజాయితీ ఉండదు. మీటరు లెక్కన కూలి తీసుకునే ఇంట్లో పెళ్ళంటే చిట్టీ పాడుకోవడం, వడ్డీకి తేవడం. ప్యాకేజీల్లో కింది మెట్టు పైకి జరిగినకొద్దీ, ఆ మెట్టు కూడా ఎక్కలేనివాడు కూతురికి తక్కువ చేశానని కుమిలిపోతాడు. అతను తెలుసుకోవాల్సిన మాట కూడా ప్రతినిధి చర్చ ఉన్న పాదంలోనే, మొదట్లో ఉంది. తప్పక చేయవలసిన నిత్యకర్మను అంగాలన్నీ కుదరకపోయినా శక్తి కొద్దీ చేస్తే చాలు, కోరికతో చేసే కామ్యకర్మకే అన్ని అంగాలూ కావాలి. వివాహం సంస్కారం, సంపద కోసం చేసే కామ్యం కాదు. అందుకే నిత్యకర్మకున్న వెసులుబాటు దానికీ వర్తిస్తుందని నేను నమ్ముతాను. శక్తికి మించిన స్టేజీ లేకపోవడం లోపం కాదు. కులసంఘం సామూహిక వివాహంలో పుస్తె కట్టించుకున్న పిల్ల పెళ్ళికి అణువంత కూడా తరుగు లేదు. ఈ మాట మొదటి సమావేశంలోనే, అడ్వాన్సు తీసుకోకముందే చెప్పగల ప్లానరు ఈ ఊరికి కావాలి. వ్యాపారం దెబ్బతింటుందని భయపడనక్కర్లేదు. పది వీధుల్లో అందరూ అందరికీ తెలిసిన ఊళ్ళో నమ్మకమే గిరాకీ తెస్తుంది.

ఇంకో ఇబ్బంది మిగిలింది. కర్తకు ప్రతినిధి లేడంటే, అసలు కర్తే లేని ఇంట్లో ఏం చేయాలి? సాంచాల ఊళ్ళో తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు, పెద్దలెవరూ రాలేని పిల్లలు తక్కువేమీ కాదు. అప్పుడు కాళ్ళు కడిగే పని కూడా ఈవెంట్ వాళ్ళే ఎవరినో చూసి పెడతారా? యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయం కన్యను ఇచ్చే హక్కు ఎవరెవరికి వస్తుందో వరుసగా చెప్పింది. తండ్రి, తాత, అన్నదమ్ములు, జ్ఞాతి, తల్లి. తల్లిని చివర పెట్టడం నేను ఒప్పుకోను, భర్త పోయాక కండెలు చుట్టి పిల్లల్ని పెంచిన తల్లుల్ని చూసిన ఏ ఊరూ ఒప్పుకోకూడదు. కానీ ఆ వరుస అయిపోయాక స్మృతి చెప్పిన మాట ఈ చర్చకంతా కీలకం. ఇచ్చేవాళ్ళు ఎవరూ లేకపోతే ఎవరినో తెచ్చి నిలబెట్టమనలేదు, పిల్ల తానే తగిన వరుణ్ణి వరించాలంది. గోదాములోనో దుకాణంలోనో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో తన పెళ్ళికి తానే అడ్వాన్సు కట్టే అమ్మాయి ప్లానరు ముందు కూర్చున్నప్పుడు, పెద్దవాళ్ళెవరైనా వచ్చాక మాట్లాడదామని ఆమెను పంపేయకూడదు. గోత్రం ఆమెనే అడగాలి, ఏ పాట ఉండాలో, ఏది వద్దో ఆమెనే అడగాలి, సంకల్పం ఆమె చేతే చెప్పించమని పురోహితుడికి ముందే చెప్పి ఉంచాలి.